మెట్ల కింద పురిటిల్లు

తెల్లవారుజామున నాలుగు దాటాక గూడ్సు బండి కూత వేసుకుంటూ పోయింది. యలమంచిలిలో పట్టాల వార కాపురం ఉండేవాళ్లకి అదో లెక్క కాదు, నిద్రలోనే అటు నుంచి ఇటు తిరిగి పడుకుంటాం. ఆ రోజు మాత్రం బండి పోయాక కూడా చప్పుడు ఆగలేదు. మేడమెట్ల కింద, తుప్పుపట్టిన సైకిలూ మిగిలిపోయిన పెంకులూ పడేసిన మూలన ఎవరో నెమ్మదిగా తవ్వుతున్నట్టు గీకుడు. టార్చి వేసి చూస్తే కర్రి. ముందుకాళ్లతో మట్టి తోడుతోంది, ఆగి రొప్పుతోంది, తన వెనకభాగం తిరిగి చూసుకుంటోంది, మళ్లీ తవ్వుతోంది.

కర్రి మాది కాదు, వీధిది. ఒళ్లంతా నలుపు, మెడ కింద మాత్రం రూపాయి బిళ్లంత తెలుపు. మా వీధిలో ఏడెనిమిది ఇళ్లకి అది తలా కొంచెం సొంతం. ఒకరింట్లో గంజి, ఒకరింట్లో చేపముళ్లు, మా చిన్నది బడి నుంచి వచ్చేటప్పుడు మిగిల్చే సగం బిస్కెట్టు. పది రోజులుగా పొట్ట నేలకి జారి, నడక బరువెక్కింది. రోజు దగ్గరపడిందని అందరికీ తెలుసు. మా మెట్ల కిందే చోటు చూసుకుంటుందని మాత్రం ఎవరికీ తెలీదు.

"ఓలమ్మ, దానికి నొప్పులొచ్చీసినాయి. ఆ లైటు తీసీ బావూ. మొకం మీద లైటేసి సూస్తంటే ఏ ఆడదైనా పురుడోసుకుంటాదేటి?" గేటవతల నుంచి ఎదురింటి మామ్మ గొంతు. నెలగంట పెట్టాక ఆ ఇంటి వాకిట్లో నాలుగింటికే ముగ్గు పడుతుంది. ముగ్గు గిన్నె చేతిలో పట్టుకునే ఆవిడ ఇటు తొంగి చూసింది. నేను టార్చి ఆర్పేశాను.

మామ్మ చెప్పిందానికి పశువైద్యులు ఇంకో పేరు పెడతారు, అంతే తేడా. నొప్పుల్లో ఉన్న కుక్క బెదిరితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. దాంతో గర్భసంచి బిగువు సడలి, మొదలైన నొప్పులు వెనక్కిపోతాయి. అందుకే దాని పురుడు ఎక్కువగా చీకట్లో, జనం అలికిడి తక్కువగా ఉన్నప్పుడే జరుగుతుంది. మా ఇంట్లో ఆ తెల్లవారుజామున జరిగిన మొదటి మంచి పని ఒక లైటు ఆరిపోవడం. తర్వాతి రోజుల్లో మేం చేసిన పనుల్లో కొన్ని మంచివి, ఒకటి ఘోరమైనది. దాని సంగతి దాచను, కొంచెం ఆగి చెబుతాను.

కార్తె లెక్క

తెలుగువాళ్లకి కుక్కల కాన్పు లెక్క పంచాంగంలోనే ఉంది. చిత్తకార్తె అనగానే మనకి ముందు గుర్తొచ్చేది తిట్టు. ఆ తిట్టు వెనక తరతరాలుగా చూసిన చూపు ఉంది. ఏటా అక్టోబరు 10 నుంచి 23 దాకా, ఒక రోజు అటూఇటూగా, చిత్తకార్తె నడుస్తుంది. ఊరకుక్కలు గుంపులు కట్టి ఒకదాని వెంట ఒకటి పడి తిరిగే రోజులవి. ఇళ్లలో పెంచే జాతి కుక్కలు ఏ కార్తె అని చూడవు, ఆరేడు నెలలకోసారి ఎదకొస్తాయి. వీధికుక్కల్లో మాత్రం ఎక్కువ భాగం వానలు వెనకబట్టే ఈ రోజుల్లోనే జతకడతాయి.

కుక్క చూలు సగటున 63 రోజులు. అక్టోబరు 10కి 63 కలిపితే డిసెంబరు 12. 23కి కలిపితే సరిగ్గా క్రిస్మస్. అంటే మన వీధుల్లో కూనలు పుట్టేది చలి ముదిరే రోజుల్లో. సంక్రాంతికి అవి గునగునా నడుస్తూ భోగిమంట చుట్టూ తిరుగుతుంటాయి. చిన్నప్పటి నుంచి అందరం చూసిన దృశ్యమే అయినా ఈ కూడిక ఎప్పుడూ వేసుకోలేదు నేను. మొదటి పది రోజులూ గండం చలేనని ఈ లెక్కే చెబుతోంది.

జతకట్టిన రోజు నుంచి లెక్కపెడితే 57 రోజులు కావచ్చు, 70 కూడా కావచ్చు. ఆడకుక్క ఒంట్లో వీర్యం రోజుల తరబడి చెడకుండా ఉండి అండం కోసం కాచుకుంటుంది. ఈలోపు ఇంకో మగకుక్క వస్తే దాని వాటా దానిదే. కాబట్టి ఒకే కాన్పులో ఇద్దరు ముగ్గురు తండ్రుల పిల్లలు పుట్టడం వింతేమీ కాదు. కర్రికి ఆ ఉదయం పుట్టిన ఆరింటిలో రెండు నలుపు, రెండు ఎరుపు, ఒకటి తెలుపు మీద నల్లమచ్చ, ఒకటి బూడిదరంగు. వీధిలో ఎవరెవరు తండ్రులో పిల్లలు వేలెత్తి చూపించేశారు.

ఇంట్లో పెంచే కుక్క అయితే కార్తెలతో పని లేదు, స్కానింగు ఉంది. జతకట్టిన నెలకి అల్ట్రాసౌండులో పిల్లల గుండెలు కొట్టుకోవడం కనిపిస్తుంది. ఎన్ని పిల్లలో కచ్చితంగా తెలియాలంటే 55వ రోజు దాటాక ఎక్స్‌రే తీయించాలి, ఎముకలు గట్టిపడి పుర్రెలు లెక్కకి దొరుకుతాయి. ఆ లెక్క ముచ్చట కోసం కాదు. అయిదని తెలిసి నాలుగు బయటికొచ్చి ఆగితే, లోపల ఇంకొకటి ఉందని అర్థం. పరుగెత్తాలి. ఇంకో సంగతి. ఎద అయిపోయిన రెండు నెలలకి కడుపు లేకుండానే పాలు చేపి, బొమ్మనో చెప్పునో పిల్లనుకుని పక్కలో పెట్టుకు పడుకునే కుక్కలుంటాయి. ఉత్తుత్తి చూలు అది. సీమంతం చేసేముందు డాక్టరుకి చూపించుకోవడం మేలు.

బాలింత పథ్యం

చూలు తెలిసిన రోజు నుంచే కుక్కకి రెండింతలు పెట్టేవాళ్లున్నారు. అక్కర్లేదు. మొదటి అయిదారు వారాలు మామూలు తిండే చాలు. కూనలు గబగబా పెరిగేది చివరి మూడు వారాల్లో. అప్పుడు పాతిక నుంచి యాభై శాతం పెంచాలి, అదీ ఒక్కసారి కాకుండా మూడు నాలుగు సార్లుగా, ఎందుకంటే లోపల కూనలు నిండి పొట్టలో అన్నానికి చోటుండదు. అసలు ఆకలి పురుడయ్యాక మొదలవుతుంది. మూడు నాలుగు వారాల నాటికి ఆరేడు పిల్లల తల్లి మామూలుకి మూడింతలు తిన్నా బక్కచిక్కిపోతుంది.

కర్రికి మేం చేసింది చికెన్ కొట్టులో పక్కన పడేసే మెడలూ కాళ్లూ తెచ్చి ఉప్పు లేకుండా మెత్తగా ఉడికించి, బొమికలు ఏరేసి, బియ్యం నూకతో కలిపి పెట్టడం. ఒక పూట చోడి అంబలి, గుడ్డు. పూడిమడక నుంచి ఎండుచేపల బుట్టతో వచ్చే ఆవిడ చారెడు నెత్తళ్లు ఊరికే ఇవ్వబోయింది. ఉప్పు ఎక్కువని వద్దన్నాం. నీళ్లు మాత్రం తొట్టెడు, ఎప్పుడూ దాని మూతికి అందేంత దూరంలో. పాలు తయారయ్యేది నీళ్లతోనే.

మూడోరోజు మామ్మ ఒక ముద్ద పట్టుకొచ్చింది. వెల్లుల్లి, పిప్పళ్లు, బెల్లం, నెయ్యి వేసి నూరిన కాయం. తన కూతుళ్లకీ కోడళ్లకీ బాలింతప్పుడు పెట్టిన వంటకం. "అదీ పిల్లల్తల్లే కదేటి, నడుం గట్టిపడద్ది" అంది. వెల్లుల్లీ ఉల్లీ కుక్కల రక్తంలో ఎర్రకణాల్ని చిదిపేస్తాయని చెబితే ఆవిడ ముఖం చిన్నబోయింది. ఎవరికోసమో ప్రేమగా నూరింది పారెయ్యమనడం తేలిక కాదు. ఆఖరికి నేనే తిన్నాను. నా నడుం సంగతి అడక్కండి.

మందుల షాపుల్లో జనం ఎక్కువగా పొరబడేది కాల్షియం దగ్గర. చూలు కుక్కకి బలమని నెలరోజుల ముందు నుంచే కాల్షియం పట్టిస్తారు. అలా బయటి నుంచి దండిగా అందుతుంటే, ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే పద్ధతి ఒంట్లో మందగిస్తుంది. పాలు విపరీతంగా పడే రోజుల్లో ఉన్నట్టుండి అవసరం వచ్చేసరికి ఎముకలు ఇవ్వవు, రక్తంలో నిల్వ పడిపోతుంది. కుక్క కుదురుగా నిలబడలేదు, కాళ్లు కర్రల్లా బిగుస్తాయి, వణుకు, ఒగర్పు, ఆపైన మూర్ఛ. పామరేనియన్ లాంటి చిన్న జాతుల్లో మరీ ఎక్కువ. పురుడయిన మొదటి నాలుగు వారాల్లో ఎప్పుడైనా రావచ్చు. అప్పుడు చెయ్యాల్సింది కూనల్ని పక్కకి తీసి గంటలో డాక్టరు దగ్గర ఉండటం. నరానికి కాల్షియం ఎక్కిస్తుండగానే లేచి నిలబడే కుక్కల్ని వాళ్లు రోజూ చూస్తుంటారు. ఇంట్లోనే సీసా మూతతో పట్టిద్దామనుకుంటే దక్కదు.

ఆ కొన్ని గంటలు

ఇంట్లో కుక్కయితే చివరి వారంలో పూటకోసారి ఒంటివేడి చూస్తే సరిపోతుంది. మామూలుగా 38, 39 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండేది 37 దరిదాపులకి దిగిందంటే ఒక రోజులో పురుడు. కర్రి మాకు థర్మామీటరు పెట్టనిస్తుందా? అది తవ్విన గొయ్యే మాకు థర్మామీటరు. తిండి ముట్టదు, రొప్పుతుంది, వణుకుతుంది, పక్క చీరేసుకుంటుంది. ఇది ఆరు గంటలు సాగొచ్చు, పన్నెండు గంటలూ సాగొచ్చు. తొలిచూలయితే ఇంకా ఎక్కువ. ఆ గంటల్లో మన పని ఏమీ చెయ్యకపోవడం.

పక్క మాత్రం ముందే వేసి ఉంచాలి. గోనెసంచి మంచిది కాదు, దాని పీచు విడిపోయి కూనల మెడకీ కాళ్లకీ చుట్టుకుంటుంది. ఉతికిన పాత నూలుచీర మేలు. పురుడప్పుడైతే దాని కింద న్యూస్‌పేపర్లు మందంగా పరచాలి, తడిసినవి తడిసినట్టు తీసెయ్యొచ్చు. ఇక్కడ మా పత్రికా వృత్తికి సంబంధించిన చేదు నిజం ఒకటి చెప్పక తప్పదు. మెయిన్ పేపరు తడిని బాగా పీలుస్తుంది. నున్నటి కాగితం మీద అచ్చేసే ఆదివారం అనుబంధం ఎందుకూ పనికిరాదు. ఇంట్లో పెట్టెలో పురుడు పోయించేవాళ్లు నాలుగు గోడల వారా జానెడు ఎత్తులో ఒక కర్రో పైపో బిగిస్తారు. తల్లి గోడకి చేరబడినప్పుడు కూన నలిగిపోకుండా ఆ సందు కాపాడుతుంది.

ముక్కడం మొదలయ్యాక పిల్లకీ పిల్లకీ మధ్య అరగంట, గంట మామూలు. ఒక్కొక్కటీ పొరలో చుట్టుకుని జారుతుంది. తల్లి పొర చింపి, బొడ్డు కొరికి, ఏడ్చేదాకా నాకుతుంది. ఆ నాకుడు చూడ్డానికి మొరటుగా ఉంటుంది, కూనని అటూ ఇటూ దొర్లించేస్తుంది. ముద్దు కాదు అది, ఊపిరి తెప్పించడం. మాయ తినేస్తుంది, తిననివ్వాలి. అన్నీ తింటే విరేచనాలు పట్టుకుంటాయి కాబట్టి రెండు మూడు తీసెయ్యగలిగితే మంచిదే. ఎన్ని కూనలో అన్ని మాయలు పడాలి. కర్రి నాలుగోదాని పొర చింపకుండా అయిదోదాని నొప్పుల్లో పడిపోయింది. మామ్మ చీరకొంగుతో దాన్ని అందుకుని, పొర చీల్చి, మూతి తుడిచి, వీపు మీద పరపరా రుద్దింది. కీచుమంది. తిరిగి కర్రి మూతి దగ్గర పెట్టేసింది. ఇంత పనీ చేసిన ఆవిడ జీవితంలో కుక్కని పెంచలేదు. గేదెల పురుళ్లు మాత్రం చాలా పోసింది.

చేతులు కట్టుకు కూచోకూడని ఘడియలూ ఉన్నాయి. గట్టిగా అరగంట ముక్కినా ఏమీ రాకపోయినా, లోపల పిల్లలున్నాయని తెలిసీ రెండు గంటలు ఖాళీగా గడిచినా, మొదటి పిల్ల కంటే ముందే పచ్చటి ద్రవం కారినా, నల్లటి దుర్వాసన వచ్చినా ఆలోచించే పని లేదు. పచ్చదనం మాయ విడిపోతోందనడానికి గుర్తు. మాయ విడిపోతే కూనకి ఊపిరి లేదు. మన జిల్లాలో పశువుల అంబులెన్సుకి 1962 నంబరు ఉంది. ఆపరేషను అవసరమయ్యే కేసులు అనకాపల్లి, విశాఖ వైపు వెళ్లక తప్పదు. దారి, బండి, నంబరు ముందురోజే రాసి పెట్టుకోవాలి, తెల్లవారుజామున వెతుక్కునేవి కావవి.

మేం చేసిన తప్పు

రెండో రోజు ఉదయం బూడిదరంగు కూన గుంపుకి జానెడు దూరంలో, చీర అంచు దాటి సిమెంటు గచ్చు మీద ఉంది. చల్లగా, మెత్తగా, నోరు తెరుస్తూ మూస్తూ. పాలు తాగక నీరసించిందనుకున్నాం. ఆవుపాలు గోరువెచ్చగా కాచి, చంటిపిల్లని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి, చుక్కలమందు గొట్టంతో పోశాను. నాలుగైదు చుక్కలు మింగింది. ముక్కులోంచి రెండు బుడగలు వచ్చాయి. మధ్యాహ్నం లోపు పోయింది.

ఫోన్లో డాక్టరుగారు విని, తిట్టలేదు. "ముందు వేడి, తర్వాత పాలు" అన్నారు. ఆ నాలుగు మాటలు ముందురోజు తెలిసుంటే అది బతికేదేమో. పుట్టిన కూనకి వణకడం కూడా రాదు, ఒంటివేడిని సొంతంగా నిలబెట్టుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఒళ్లు 35 డిగ్రీల కిందికి దిగితే పేగులు కదలడం మానేస్తాయి. అప్పుడు పోసిన పాలు కడుపులోనే పులుస్తాయి. వెల్లకిలా పోస్తే అక్కడి దాకా కూడా పోవు, ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. చంటిబిడ్డని పట్టుకున్నట్టు కుక్కపిల్లని పట్టుకోకూడదు. బోర్లా, తల కాస్త ఎత్తుగా, అమ్మ దగ్గర తాగేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంచాలి. పాల విషయమూ అంతే. తల్లికుక్క పాలల్లో ఆవుపాల కంటే కొవ్వూ మాంసకృత్తులూ దాదాపు రెండింతలు ఉంటాయి, పాలచక్కెర తక్కువ. తల్లి లేని కూనలకి కుక్కపిల్లల పాలపొడి అని విడిగా దొరుకుతుంది. దాన్ని రెండు మూడు గంటలకోసారి పట్టి, తాగాక తడిపిన దూదితో కింద మెల్లగా తుడవాలి. తల్లి నాకితేనే వాటికి మలమూత్రాలు వస్తాయి, మొదటి మూడు వారాలూ సొంతంగా రావు.

మిగిలిన అయిదింటి కోసం వేడి సంపాదించే పని మొదలైంది. పాతరోజుల్లో అయితే అరవై క్యాండిళ్ల బల్బు ఒకటి వేలాడదీస్తే సరిపోయేది. ఇప్పుడు ఏ ఇంట చూసినా ఎల్ఈడీలే, వెలుగుతాయి గానీ వెచ్చబడవు. ఎలక్ట్రికల్ షాపాయన అటక మీంచి దుమ్ము కొట్టుకుపోయిన పసుపు బల్బు దించి, "ఇంకా ఎవులు అడుగుతున్నారండీ ఇయ్యి" అన్నాడు. దాన్ని పక్కకి ఒక మూలన మాత్రమే వెలిగేలా పెట్టాం. వేడి ఎక్కువైతే కూనలు అవతలికి జరిగే చోటుండాలి. మొదటి వారం వాటి చుట్టూ 30 డిగ్రీలు ఉంటే చాలు. కూనలు చూస్తేనే తెలిసిపోతుంది. ఒకదాని మీద ఒకటి గుట్టపడితే చలి, దూరదూరంగా పడి ఏడిస్తే ఉడుకు, పక్కపక్కనే పరుచుకుని నిద్రలో కాళ్లు అదురుస్తుంటే హాయి.

కర్రి బయటికి వెళ్లొచ్చే పావుగంటలో కిరాణా కొట్టు త్రాసు మీద రోజూ తూచేవాళ్లం. బాగా తాగే కూన రోజుకి అయిదు నుంచి పది శాతం బరువు పెరగాలి, పది రోజులకి పుట్టినప్పటి బరువుకి రెట్టింపు కావాలి. 280 గ్రాముల ఎర్రది పదో రోజుకి 590 తూగింది. కొట్టాయన పప్పుల లెక్క పక్కనే ఆ అంకె రాసిపెట్టుకున్నాడు. మనిషి చెయ్యి తగిలితే తల్లి కూనల్ని వదిలేస్తుందని ఊళ్లో గట్టి నమ్మకం. కుక్కల విషయంలో అది అంత నిజం కాదు. కానీ నలుగురూ వచ్చి ఎత్తుకుని ఫోటోలు తీసుకుంటుంటే చోటు మార్చేస్తుంది. అలా మారుస్తూ రోడ్డు దాటేటప్పుడే ఎక్కువ నష్టం. అందుకే తూకం రోజుకి ఒకసారే, ఒక్కరే.

కూత వినిపించిన రోజు

పుట్టిన కూనకి కళ్లు లేవు, చెవులు లేవు. ఉన్నా మూసుకుని ఉంటాయి. పదో రోజు దాటాక కళ్ల మీద చీలిక కనబడింది, లోపల నీలి పొగ. చెవుల సంగతి మేం గమనించిందే లేదు, రైలు చెప్పేదాకా. పట్టాల వార పుట్టిన ఈ అయిదూ పదిహేను రోజుల పాటు కూతల మధ్యే నిద్రపోయాయి. పదహారో రోజు సాయంత్రం ఏదో ఎక్స్‌ప్రెస్ కూత వేసింది. నాలుగు తలలు ఒక్కసారి లేచాయి. అయిదోది, మచ్చలది, మర్నాటి దాకా లేవలేదు. మా చిన్నది చప్పట్లు కొట్టింది. ఈసారి చప్పట్లకీ ఉలిక్కిపడ్డాయి.

అక్కడి నుంచి రోజుకో ఆట. మూడో వారంలో పాలపళ్లు. ఏటికొప్పాక నుంచి తెచ్చిన లక్క బొంగరం మా అమ్మాయిది, అంకుడు కర్ర. దాని నడుం మీద ఇప్పుడు చిన్న చిన్న పంటిగాట్లున్నాయి. ఆ రంగులు ఆకులూ గింజల నుంచి తీసినవి కాబట్టి భయపడలేదు. ప్లాస్టిక్ చెప్పు నమిలినప్పుడే కంగారు.

రెండు వారాలు నిండగానే నులిపురుగుల మందు పట్టాలి, ఆ తర్వాత ప్రతి రెండు వారాలకీ. కూనలు మట్టి నాకక ముందే వాటి కడుపులో పురుగులుంటాయి. తల్లి కండరాల్లో నిద్రపోతున్న పిల్లపురుగులు చూలప్పుడు మేలుకుని మాయ ద్వారా, తర్వాత పాల ద్వారా పిల్లల్లోకి వెళ్లిపోతాయి. సన్నటి కాళ్లూ ఉబ్బిన బొజ్జా ఉన్న కుక్కపిల్లని చూసి "భలే బొద్దుగా ఉంది" అంటాం. అది బొద్దు కాదు. ఆ గుడ్లు మనుషుల పిల్లల నోట్లోకి వెళితే కాలేయం, కంటి దాకా పోగలవు. కూనలతో ఆడిన చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం దగ్గరికి రానివ్వకపోవడం మా ఇంట్లో అప్పుడే మొదలైంది.

పిల్లల తల్లి కరుస్తుంది. పొరపాటు దానిది కాదు, అయినా పన్ను దిగితే రేబిస్ లెక్కే చూడాలి. కూన గీరినా సరే. కారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టాలి. ప్రభుత్వాసుపత్రిలో చర్మంలోకి ఇచ్చేది 0, 3, 7, 28 రోజుల్లో. పసుపూ కారమూ అద్దేవాళ్లు మా వీధిలో కూడా ఉన్నారు.

సరమ ఫిర్యాదు

నెల తిరక్కుండానే వీధిలో ఒకాయన గుమ్మంలో నిలబడి నెమ్మదిగానే అన్నాడు. "గోనెసంచిలో ఏసి హైవే అవతల ఒగ్గీడమే మంచిది. రేపు ఇయ్యన్నీ పెద్దవైతే పిల్లలు బడికెల్లగలరా?" ఆయన చెడ్డవాడు కాదు. ఆయన మనవడిని కిందటేడు ఒక కుక్క కరిచింది. ఆ భయాన్ని తేలిగ్గా తీసేసే హక్కు నాకు లేదు.

కానీ సంచి సంగతి వినగానే భారతం మొదటి పుటలు గుర్తొచ్చాయి. నన్నయ ఆదిపర్వం తెరిస్తే కురుక్షేత్ర యుద్ధం కథకి చేరకముందే, పాండవుల పుట్టుక కథ రాకముందే, ఒక తల్లికుక్క కనిపిస్తుంది. జనమేజయుడి యాగశాల దగ్గర ఆడుకుంటున్న కూనని రాజు తమ్ముళ్లు కొట్టారు. అది ఏడుస్తూ అమ్మకి చెప్పింది. ఆ తల్లి సరమ నేరుగా రాజు ముందుకొచ్చి, ఏ తప్పూ చెయ్యని నా బిడ్డని ఎందుకు కొట్టారని నిలదీసింది. రాజు దగ్గర జవాబు లేదు. కీడు తప్పదని చెప్పి ఆవిడ వెళ్లిపోయింది. తెలుగు సాహిత్యం మనకి మిగిల్చిన తొలి గ్రంథంలో తొలి ఫిర్యాదుల్లో ఒకటి కుక్కది.

ఇప్పుడు చట్టం కూడా ఆ ఫిర్యాదు వింటుంది, తన పద్ధతిలో. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద మొదటి తప్పుకి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. కూనకి ఒక చాయ్ పాటి విలువ కట్టారన్న మాట. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను మాత్రం జంతువుని చంపినా అంగవైకల్యం చేసినా అయిదేళ్ల దాకా జైలు అంటుంది. చట్టం ఎలా ఉన్నా వీధిలో కూనల బతుకు సంచీ దాకా వెళ్లకుండానే తెల్లారిపోతుంది. కోల్‌కతా ఐసర్ పరిశోధకులు 2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో 95 కాన్పుల్లో పుట్టిన 364 కూనల్ని వెంబడించి చూశారు. ఏడు నెలలు బతికి పెద్దయినవి నూటికి 19. పోయినవాటిలో 63 శాతం చావులకి ఏదో రూపంలో మనిషే కారణం. ఆటో చక్రాలు, విషం, ముద్దొచ్చి ఎత్తుకెళ్లి మూడోరోజు వదిలేసిన చేతులు.

ఆ చివరి రకం చేతులంటేనే నాకు ఎక్కువ భయం. నాలుగు వారాలకే "మాకొకటి ఇయ్యండి" అని వచ్చారు. ఇవ్వలేదు. ఎంత గట్టిగా కరిస్తే అవతలివాడు ఏడుస్తాడో కూన నేర్చుకునేది తోబుట్టువులతో ఆడే ఆ వారాల్లోనే. కుక్కల అమ్మకాల మీద 2017లో కేంద్రం చేసిన నియమాలు కూడా ఎనిమిది వారాల లోపు కూనని అమ్మకూడదన్నాయి. వీధికూనకి ఆపాటి గౌరవం దక్కకూడదా? ఎనిమిది వారాలు నిండాక, మొదటి పార్వో టీకా పడ్డాక, రెండు నల్లవీ ఒక జీడితోటకి కాపలా వెళ్లాయి. మచ్చలది రైల్వే క్వార్టర్సుకి. ఎర్రవాటిలో ఒకటి పుట్టినింటికీ మెట్టినింటికీ మధ్య ఒక్క గోడే ఉండేలా మామ్మ ఇంట చేరింది. రెండోది, ఆ 590 గ్రాములది, మాకే మిగిలింది.

సంచి మాట అన్నాయనకి మేం ఇచ్చుకోగలిగిన జవాబు ఒక్కటే, కర్రికి ఆపరేషను. కూనలు పాలు మానేసి, రొమ్ములు పూర్తిగా ఎండాక తీసుకెళ్లాం. పాలిచ్చే తల్లిని పట్టుకెళ్లకూడదు, కూనలు ఆకలికి పోతాయి. విశాఖలో ప్రదీప్ కుమార్ నాథ్ 1996లో మొదలుపెట్టిన వీఎస్‌పీసీఏ లాంటి సంస్థలు ఏళ్ల తరబడి చేస్తున్న పని ఇదే. పట్టుకోవడం, కుట్లేసి, రేబిస్ టీకా వేసి, చెవి అంచు గంటు పెట్టి, పట్టుకున్న వీధిలోనే వదలడం. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు చెప్పేదీ అదే. 2025 నవంబరులో సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోని కుక్కల్ని తిరిగి అక్కడే వదలొద్దంది. మా వీధి ఆ జాబితాలో లేదు గానీ, స్టేషను మాకు కూతవేటు దూరం. కర్రి ప్లాట్‌ఫాం మీదికి పోకుండా ఎవరు కాపలా కాస్తారన్నది ఇంకా తేలలేదు.

ఎర్రదానికి ఆరు నెలలు నిండాయి. చిత్తకార్తె లోపే చేయించెయ్యాలని డాక్టరుగారు తారీఖు ఇచ్చారు. మామ్మ క్యాలెండరు తెప్పించుకుని చూసి, "అమాస అది, మర్నాడు పెట్టించు" అంది. మార్పించాను. తన దగ్గరున్నదాన్ని కూడా అదే రోజు తీసుకెళ్లమంది. ముందురోజు రాత్రి నుంచి రెండింటికీ తిండి పెట్టకూడదని చెబితే చాలాసేపు మాట్లాడలేదు.

"మత్తులో ఉన్నంతసేపూ నొప్పి తెలీదు కదేటి?"

తెలీదన్నాను.

"మరి లెగిసినాక?"

ఆ రోజు డాక్టరుగారినే అడుగుదువు గాని, నువ్వూ వద్దువు గాని అన్నాను. మామ్మ లోపలికెళ్లి, ఆటోలో పరవడానికని ఒక పాత నూలుచీర వెతకడం మొదలుపెట్టింది.